మూడు వందల పన్నెండో కార్డు

మూడు వందల పన్నెండో నంబరు కార్డు చూడగానే ఆయనకు అనుమానం వచ్చింది.

ఆయనకు అనుమానం రావడం వింతేమీ కాదు. ఆరోగ్య సర్వే ఆఫీసులో లెక్కలు తనిఖీ చేసే అధికారి ఆయన. గడియారం తొమ్మిది కొడితే తొమ్మిదే కొట్టిందా అని చేతివాచీ చూసుకునే రకం. ఆఫీసులో అందరూ చాటుగా ఆయన్ని ‘భూతద్దం’ అంటారు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన లోలోపల మురిసిపోతుంటాడు.

సర్వే మొదలై పదేళ్ళు. ఊళ్ళో ఐదువందల మందిని ఎంచుకుని, అదే మనుషుల్ని రెండేళ్ళకోసారి కొలుస్తారు. నడుము చుట్టుకొలత, బీపీ, షుగరు, రక్తంలో రెండు రకాల కొవ్వు. ఐదింటిలో మూడు హద్దు దాటితే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. అక్కడి నుంచి గుండెజబ్బు ఎంతో దూరం కాదు.

కుట్టుపని చేసే ఆడవాళ్ళలో పదేళ్ళ కిందట ఐదుగురిలో ఒకరికి ఉండేది, ఇప్పుడు ఇద్దరికి ఉంది. డ్రైవర్లలో సగం మందికి పట్టుకుంది. యాభై దాటిన ఆఫీసు మగవాళ్ళలో మాత్రం పెద్దగా పెరగలేదు.

“పొద్దస్తమానం కుర్చీకి అతుక్కునేవాళ్ళు నిక్షేపంగా ఉన్నారా? ఎవరి చెవిలో పువ్వులు పెడదామని!” అనుకుని ఆ కార్డులు ఒక్కొక్కటే తిరగేశాడు. అలా దొరికింది మూడు వందల పన్నెండు. కార్డు మీద నంబరే తప్ప పేరుండదు. నడుము ఎనభై ఎనిమిది. షుగరు తొంభై ఆరు. రెండేళ్ళకూ అంతే, నాలుగేళ్ళకూ అంతే. ఐదుసార్లు రాసిన అంకెల్లో ఒక్కటీ కదల్లేదు.

“వీడు మనిషా, గోడా?”

కొలిచేది నర్సమ్మ. పదేళ్ళుగా టెంపరరీ. వచ్చే నెలలో ఉద్యోగం పర్మనెంట్ కాబోతోంది. మనిషి నెమ్మది. ఆ నెమ్మదితనమే భూతద్దానికి నచ్చదు. ఆరో విడత కొలతలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి, ఈసారి ఏం రాస్తుందో చూద్దామని కార్డును చప్పుడు చేయకుండా ఆమె పెట్టెలో పెట్టేశాడు.

మధ్యాహ్నం ఆయన లెక్కల్లో తలమునకలై ఉండగా నర్సమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. మెడలో టేపు, చేతిలో సంచి.

“సార్, ఒక్క ఐదు నిమిషాలు...”

“ఊపిరి పీల్చుకునే తీరిక లేదిక్కడ. పోయినసారి ఎలా కానిచ్చావో అలాగే కానిచ్చెయ్యమ్మా!”

ఆమె ఇంకేదో అనబోయి, తల ఊపి వెళ్ళిపోయింది. భూతద్దం గటగటా నీళ్ళు తాగి మళ్ళీ పనిలో పడ్డాడు. పొద్దుటి నుంచి అది మూడో సీసా.

మర్నాడు పెట్టె తెరిచి చూస్తే కార్డులో ఆరో వరస వచ్చి చేరింది. నిన్నటి తేదీ. నడుము ఎనభై ఎనిమిది. షుగరు తొంభై ఆరు.

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. నర్సమ్మ సస్పెన్షన్ కాగితం టైపు చేయించి, కింద బరబరా సంతకం పెట్టి, డాక్టరమ్మ గదికి బయల్దేరాడు. ఒక్క అంతస్తు ఎక్కడానికి రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. కోపం వల్లే అనుకున్నాడు.

డాక్టరమ్మ సర్వేకి పెద్ద. కాగితం చదివి నర్సమ్మను పిలిపించింది.

“ఇతన్ని నువ్వు కొలిచావా?” కార్డు బల్లమీద కొట్టాడు భూతద్దం.

నర్సమ్మ కార్డు మీది నంబరు చూసింది. “మొదటిసారి కొలిచాను సార్. ఆ తర్వాత... లేదు.”

“మరి ఈ అంకెలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?”

“పాతవే వేసెయ్యమన్నారు సార్. ప్రతిసారీ వెళ్ళి అడుగుతూనే ఉన్నాను. పెద్దమనిషి. గట్టిగా చెప్పలేకపోయాను. తప్పే.”

“ఎవడా పెద్దమనిషి? పేరు చెప్పు!”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “పేర్లు ఎవరి ముందూ ఎత్తకూడదని రూలు కదా సార్. మీరే పెట్టారు.”

“చూశారా మేడం! పట్టుబడ్డాక కూడా రూళ్ళు వల్లిస్తోంది. ఈ ఒక్క కార్డే ఇలా ఉందని నమ్మకమేంటి? ఇలాంటి మనిషిని పర్మనెంట్ చేస్తామా?”

నర్సమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఇద్దరు పిల్లల చదువులు సార్, ఈ ఒక్క ఉద్యోగం మీదే.”

“అది రాసేముందు ఆలోచించాల్సింది.”

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. “ఆమె తప్పుకి ఆమె బాధ్యురాలే. రాయమన్నవాడి సంగతేంటి? రిపోర్టులో అతని పేరూ ఉండాలిగా.”

“ఉంటుంది. వదిలే ప్రసక్తే లేదు.” గొంతు కాస్త తగ్గించాడు. “అయినా వాడు తీసుకున్న గొయ్యి వాడికే మేడం. ఆ వయసు ఆఫీసు మగాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలీదా? పదేళ్ళ నుంచి లోపల ఏం ముదిరిపోతోందో ఏమో! ఇవాళే పిలిపించి రక్తం తీయించండి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది.”

డాక్టరమ్మ బీరువా తాళం తీసింది. సర్వేలో చేరిన రోజు ఐదువందల మందీ ఒప్పుకుంటూ సంతకాలు చేసిన పుస్తకం అందులో ఉంది. పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. పుస్తకం వైపు చూసింది, సస్పెన్షన్ కాగితం వైపు చూసింది, తర్వాత చాలాసేపు భూతద్దం వైపు చూసింది.

“ఎవరండీ మేడం, చెప్పండి!” అన్నాడాయన తొందరగా.

ఆమె పుస్తకం ఆయన వైపు తిప్పింది.

మూడు వందల పన్నెండుకు ఎదురుగా ఉన్న సంతకం, ఇందాక నర్సమ్మ సస్పెన్షన్ కాగితం కింద ఆయన బరబరా గీకిన సంతకమే.