ఆయన పేరు

బీమా కంపెనీలు మనుషులతో మాట్లాడడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఏ కబురైనా పాలసీదారు ఫోన్‌లో ఉండే యంత్ర గుమాస్తాయే చెప్పాలి. ఆ గుమాస్తా ఏళ్ళ తరబడి యజమాని మాటలు విని, ఆ గొంతూ ఆ తీరూ పుణికిపుచ్చుకుంటుంది. అందుకే పెద్దకర్మ అయిన మర్నాడు కోటిరత్నం భర్త ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమే, అన్నం తిన్నావా?" అంది ఫోన్, అచ్చం ఆయన గొంతుతో.

ఆమె ఫోన్‌ని మొహం దగ్గరికి తీసుకుంది. "బీమావాళ్ళకి కబురు చెప్పాలయ్యా. మనింట్లో మనిషి పోయాడు."

"అయ్యో! ఎవరే?"

"ఇంకెవరు? మా ఆయన."

"అట్టా చెబితే వాళ్ళు ఒప్పుకోరే. పేరు చెప్పాల."

కాపురానికొచ్చిన నాటినుంచీ ఆమె భర్త పేరు పలికి ఎరగదు. ఒక్కసారి పిలవవే అని ఆయనెంత బతిమాలినా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసేది. ఇప్పుడు అదే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అంకబాబు" అంది.

ఫోన్‌లో ఆ గొంతు సంబరంతో పొంగిపోయింది.

"ఇన్నాళ్ళకి పిలిచావా! చెప్పు రత్నం, ఏం కావాల?"