ఇంజిన్ పట్టుకున్న చెయ్యి

లోపలికి సులువుగానే వెళ్ళిన తారిఖ్ కుడిచెయ్యి, బయటికి రావడానికి మాత్రం ససేమిరా అంది. కొత్త బెల్టు కూర్చుంది. ఎవరికీ అందని ఆ మూల బోల్టు కూడా బిగిసింది. చెయ్యి మాత్రం ఇంజిన్‌కీ పక్కనున్న రేకుకీ మధ్య మణికట్టు దాటి ఇరుక్కుపోయింది.

పూర్ణా మార్కెట్ వెనక సందులో, పాత కారు బానెట్ కింద వంగి నిలబడ్డ కొడుకును గాజుల వ్యాపారి రసూల్ బీ చూసింది. తరువాత గడియారం చూసింది. ఎనిమిదిన్నర. పదకొండు గంటలకల్లా ఎలమంచిలిలో ఒక సీమంతానికి వచ్చి, నలభైమంది ఆడవాళ్ళకు గాజులు తొడుగుతానని ఆమె మాట ఇచ్చి ఉంది. పెట్టెలు డిక్కీలో సిద్ధంగా ఉన్నాయి. అది బస్సు కుదుపులకు నిలిచే సరుకు కాదు.

"ఐదు నిమిషాల పనన్నావు గదా, బేటా," అంది.

"పనైపోయింది అమ్మీ. సెయ్యే మిగిలిపోనాది."

ఎదురింటి అప్పలసూరి పళ్ళు తోముకుంటూ వచ్చి తొంగిచూశాడు. "ఏటి బావ, ఇంజినుకి షేక్‌హేండిత్తన్నావేటి?"

"నవ్వకు బావ. రేకు కోసే కత్తెరుంటే పట్రా."

"రేకెందుకు? సెయ్యి కోసేత్తే కారుకి దెబ్బుండదు."

ఇంతలో తారిఖ్ భార్య నర్గీస్ సబ్బునీళ్ళ గిన్నెతో వచ్చింది. "నా సెయ్యి సన్నం, నాను పెడతానని పొద్దున్నే సెప్పినాను."

"ఇంజినంటే గోరింటాకనుకున్నావేటి? దీని మీద సెయ్యెట్టడం మగోడి పని."

"ఎట్టినారు గదా. ఇప్పుడు తియ్యండి."

రసూల్ బీ కోడలి చేతిలోని గిన్నె అందుకుంది. బెదిరిన చెయ్యి బిగుసుకుంటుందనీ, బిగిసిన చేతికి గాజు ఎక్కదనీ ఆమెకు తెలిసినంతగా ఆ బజారులో మరెవరికీ తెలియదు. అటువంటి చేతిని మెత్తబరిచేది సబ్బు కాదు, కబురు. పెళ్ళికూతురిని అత్తగారి సంగతి అడగడం, ఆ పిల్ల జవాబు వెతుక్కునే లోపల గాజు దాటించడం ఆమె పద్ధతి.

సబ్బునీళ్ళు పోసి, తన సన్నటి వేళ్ళను సందులోకి దూర్చి, కొడుకు బొటనవేలిని అరచేతిలోకి నొక్కింది.

"నొప్పి అమ్మీ."

"బిగబట్టకురా. అన్నట్టు, నర్గీస్‌కి డ్రైవింగు లైసెన్సొచ్చి మూడు నెల్లయింది."

"ఏటీ?"

ఆ ఒక్క మాటతో వేళ్ళన్నీ వాలిపోయాయి. చెయ్యి జారి బయటికి వచ్చింది.

తారిఖ్ బయటపడ్డ చేతిని చూసుకుని విరగబడి నవ్వాడు. "సూసినావా బావ, పెళ్ళికూతురికి సెప్పినట్టు నాకూ ఉత్తుత్తి కబురు సెప్పేసింది. నా ఇంట్లో ఆడోళ్ళకి స్టీరింగిత్తానా నాను?"

నవ్వు ఆగాక పిడికిలి బిగించబోయాడు. బన్నులా వాచిన చెయ్యి ముడుచుకోలేదు.

"ఈ సేత్తో నడపలేను. ఎలమంచిలోళ్ళకి రావట్లేదని ఫోన్ సేసెయ్."

"నానిచ్చిన మాటో?" అంది రసూల్ బీ.

"నీ మాటకేటైపోద్ది అమ్మీ? ఇంకోళ్ళని పిలుసుకుంటారు."

నర్గీస్ బానెట్ దించి, డ్రైవర్ సీట్లో కూర్చుని, తాళం తిప్పింది. ఇంజిన్ చక్కగా అందుకుంది. ఆమె పర్సులోంచి ఒక కార్డు తీసి కిటికీలోంచి భర్తకు అందించింది. తారిఖ్ దానిని ఎడమచేత్తో పట్టుకుని, పేరు రెండుసార్లు చదివి, ఫోటో వంకా, భార్య వంకా మార్చి మార్చి చూశాడు. అప్పలసూరి నోట్లో బ్రష్ ఆగిపోయింది.

"నాను పోర్టుకి డ్యూటీకెళ్ళినప్పుడా?"

"కారు ఖాళీగా ఉండేది అప్పుడే గదా."

"ఎవడు నేర్పినాడు నీకు?" అని గర్జించాడు తారిఖ్.

రసూల్ బీ వెనక తలుపు తీసి కొడుకును లోపలికి తోసి, తాను ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

నర్గీస్ గేరు వేస్తూ అంది: "ఎవడూ కాదు, మీ అమ్మీ. అనకాపల్లి దాటినాక బండి నడిపేదీ ఆవిడే."