కాలు తగిలింది

విశాఖలో ఇప్పుడు పనికి వెళ్ళే ప్రతివాడి మెడకీ కంపెనీ పట్టీ ఉంటుంది. తప్పు ఒప్పుకునే మాట నోటిదాకా వస్తే అది గొంతు నొక్కేస్తుంది. దానిమీద పచ్చదీపం వెలుగుతున్నప్పుడు రికార్డయినదే కోర్టులో సాక్ష్యం.

లిఫ్టు మెకానిక్ సింహాద్రి నాలుగో అంతస్తులో పని ముగించేసరికి నూకరత్నం వచ్చి దారికి అడ్డంగా కూర్చుంది. పోయిన నెల ఆ లిఫ్టే తెగిపడి ఆమె భర్త చనిపోయాడు.

"తమ్ముడూ, రోపు అరిగిపోయిందని నీకు ముందే తెలుసా? ఆ ఒక్క ముక్కా చెప్పు. నా కేసు నిలబడతాది."

సింహాద్రికి తెలుసు. నోరు తెరిచాడు. పట్టీ బిగిసింది. దగ్గు తప్ప ఏమీ రాలేదు.

"మూగోడివైపోనావేటి?"

అతను తలవంచుకుని ఆమెను దాటబోయాడు. బూటు ఆమె కాలికి తగిలింది. చిన్నప్పటి అలవాటు. ఆలోచించేలోపే వంగి, ఆమె పాదాన్ని తాకి, చేతిని కళ్ళకద్దుకున్నాడు.

"క్షమాపణ నమోదైంది," అంది పట్టీ. "తప్పు ఉద్యోగిదే. కంపెనీ ఇక మీ తరఫున వాదించదు."

అది ఊడి కిందపడింది. నూకరత్నం గబుక్కున కాలు ముడుచుకుంది.

"మా లాయరే కాలు చాపమన్నాడు తమ్ముడూ. కంపెనీ దొరికిపోతాదన్నాడు. నువ్వు దొరుకుతావని చెప్పనేదు."

"రోపు సంగతి నాకు ముందే తెలుసక్కా," అన్నాడు సింహాద్రి. గొంతు హాయిగా పలికింది. "రోపు మార్చమని రెండుసార్లు రాసిచ్చాను. ఆళ్ళే మార్చనేదు."

ఇద్దరూ ఒకేసారి కిందికి చూశారు. పట్టీలో పచ్చదీపం అప్పటికే ఆరిపోయింది.