తడిక చాటు

"కూర్చోండర్రా" అన్నాడు అమ్మిరాజు.

నీళ్ళలోకి తోయబోతున్న పడవల్ని అలాగే వదిలేసి జాలర్లందరూ ఇసుకలో కూర్చున్నారు. ఆడవాళ్ళు ముంతలతో మంచినీళ్ళు తెచ్చి తలా ఒక గుక్క ఇచ్చారు. తన బోధ వినడానికే ఆగారని, వాళ్ళ ముందు నిలబడ్డ హైరం దొర మనసు పొంగిపోయింది. అలా పొంగినందుకు వెంటనే సిగ్గేసింది.

సిగ్గుపడటం అతనికి ఈ దేశంలో రోజువారీ పనైపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తల్లో, మోర్మన్ అనే క్రైస్తవ శాఖ బోధకుడిగా అమెరికాలో ఓడెక్కి, మద్రాసులో ఏడాదిపాటు తెలుగు నేర్చుకుని, కోరంగి రేవులో దిగాడు. వాళ్ళ సంఘంలో బోధకులు చేతిలో డబ్బు ఉంచుకోరు. ఎవరు పెడితే వాళ్ళింట తినాలి. కుండలో ఏముందో తెలియని ఇంటి గుమ్మంలో పాతికేళ్ళ కుర్రాడు గంజి కోసం నిలబడటం మాటలు కాదు. దానికి తోడు, ఈ జాలరిపల్లెకి వచ్చిన మొదటిరోజే బూటుకాళ్ళతో వెళ్ళి, పసుపు రాసిన పడవ ముక్కు మీద దర్జాగా కూర్చున్నాడు. పల్లెపెద్ద అమ్మిరాజు భార్య తలుపులమ్మ పల్లెత్తు మాట అనలేదు. కడవతో నీళ్ళు తెచ్చి, అతను లేచాక అక్కడ కడిగి, మళ్ళీ పసుపు రాసింది. నాలుగు తిట్టినా బాగుండేదనుకున్నాడు దొర.

బోధకులు ఇద్దరిద్దరుగా తిరగాలన్నదీ వాళ్ళ నియమమే. మొదట్లో అతనికి తోడుగా ఎలైజా ఉండేవాడు. మంచి గొంతు, మంచి తెలుగు. ఇద్దరూ కలిసి వచ్చిన రోజుల్లో జాలర్లు నవ్వుతూ దణ్ణం పెట్టి, ఆగకుండా పడవలు తోసుకుపోయేవారు. ఎలైజా జ్వరంతో కోరంగిలో మంచం పట్టాక హైరం ఒక్కడే రావడం మొదలుపెట్టాడు. అలా వచ్చిన మొదటి ఉదయమే పల్లె పల్లెంతా ఇలా ఇసుకలో కూర్చుంది! ఇక అప్పటినుంచి రోజూ అంతే. ఎలైజాకి చేతకానిది తనకి చేతనైందని లోలోపల మురిసిపోయాడు. జబ్బుమనిషితో పోటీ ఏమిటని ఆ తర్వాత తలదించుకున్నాడు.

బయటికి రానిది వీరవేణి ఒక్కతే. నిరుడు మొగుణ్ణి సముద్రం మింగేసిన మనిషి. రోజూ తన పాక ముందు తడిక చాటునుంచే చూస్తూ ఉంటుంది. ఒకసారి అతనే వెళ్ళి పిలిచాడు.

"నువ్వూ వచ్చి వినమ్మా."

"ఇప్పుడు నేను రాకూడదండి. పడవలెళ్ళాక వస్తాను" అంది.

మగవాళ్ళ మధ్యకి రావడానికి మొహమాటం కాబోలు అనుకుని, ఆమె కోసం గొంతు పెంచి చెప్పడం అలవాటు చేసుకున్నాడు.

ఆవేళ మాత్రం అసలు మాట అడిగి తీరాలి. మర్నాడు ఎలైజా స్వదేశానికి ఓడెక్కుతున్నాడు. "ఒక్కడైనా బాప్తిస్మానికి ఒప్పుకుంటాడన్న ఆశ ఉంటే ఉండు. లేదంటే నాతో వచ్చెయ్" అన్నాడు. ఇన్నాళ్ళ పస్తులూ అవమానాలూ వృథా అయ్యాయో లేదో ఇక్కడే తేలాలి.

"మీలో ఎవరు నాతో నీళ్ళలోకి దిగి బాప్తిస్మం తీసుకుంటారు?" అన్నాడు.

అమ్మిరాజు సముద్రం వైపు చూశాడు.

"మాకు మా అమ్మవారున్నారండి. ఏమనుకోకండి. ఇంక బయల్దేరమంటారాండీ? ఆటు వేళ దాటిపోతోందండి."

దొర చెవులు ఎర్రబడ్డాయి.

"మరి రోజూ ఇలా కూర్చుంటున్నారు కదా, అమ్మిరాజూ?"

"ఎంత మాటండీ! తమరొచ్చి నిలబడ్డాక కూర్చోకుండా ఎలా వెళ్తామండీ?"

ఆ మాటతో అతని కళ్ళు చెమర్చాయి. ఇంత మర్యాద తెలిసిన జనం నేడు కాకపోతే రేపు వింటారు. తాను ఉండిపోతున్నానని ఎలైజాకి కబురు పంపేశాడు.

మధ్యాహ్నం తలుపులమ్మ అతనికి గంజి పోసింది. పక్కన కూర్చున్న ఆమె కూతురు మట్టిగిన్నెలోకి తొంగిచూసింది.

"ఇవాళా చేప లేదా అమ్మా?"

"పొద్దెక్కాక వెళ్తే వలలో ఏం పడుద్దే? నోర్మూసుకుని తాగు. దొరగారున్నారు."

దొర గంజి కింద పెట్టేశాడు. తన మాటలు వినడం కోసం వీళ్ళు పిల్లల నోటి దగ్గర కూడు పోగొట్టుకుంటున్నారు! పైగా ఆ మిగిలిన గంజిలో తనకీ వాటా. ఆ క్షణంలో భూమి చీలితే అందులోకి దిగిపోయేవాడే. రేపు పెందలాడే వెళ్ళి, నాకోసం ఆగొద్దు, పనయ్యాక సాయంత్రం వినండి అని చెప్పేయాలనుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా పల్లె రేవుకి పరుగెత్తాడు. వీరవేణి పాక దాటబోతుంటే తడిక వెనకనుంచి పిలుపు వినిపించింది.

"దొరగారూ, ఆగండి."

"ఆగకూడదమ్మా. నాకోసం కూర్చోవద్దని వాళ్ళకి చెప్పాలి. పిల్లలు పస్తులుంటున్నారు."

"చెప్పక్కర్లేదండి. ఇలా లోపలికి రండి."

ఆమె చాప మీద పక్కకి జరిగి చోటిచ్చింది. ఏమీ అర్థంకాకపోయినా కూర్చున్నాడు. తడిక సందులోంచి రేవంతా కనిపిస్తోంది. అమ్మిరాజు ఇటూ అటూ చూశాడు. అతని మొహం విచ్చుకుంది. "పదండర్రా!" అని కేకేశాడు. పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారిపోయాయి. ఎవరూ కూర్చోలేదు. ఎవరూ మంచినీళ్ళు అడగలేదు. దూరంగా ఎలైజా ఎక్కిన ఓడ తెరచాప చిన్నదైపోతోంది.

"ఇవాళ ఎవరూ కూర్చోలేదేం?" అన్నాడు దొర.

వీరవేణి అతని మొహంలోకి జాలిగా చూసింది.

"మనలాంటి ఒంటివాళ్ళు ఎదురు రాకూడదండి."