పోతబెడ్డు మీద గోడ

"చేతులు కడుక్కున్నావా?"

నాన్న గొంతుకి షెడ్డు రేకులు అదిరాయి. గేటు పక్కన నమూనా గోడ కడుతూ, స్తంభం గాడిలో సిమెంటు కూరబోతున్న కొత్త పనివాడు ఠక్కున ఆగిపోయాడు. వాడి వేళ్ళ నిండా నల్లటి జిడ్డు.

"అచ్చులకి నూనె రాసి ఇటే వచ్చానండీ."

"అచ్చుకి నూనె ఎందుకు రాస్తాం?"

"పోసింది పట్టుకోకుండా, తేలిగ్గా ఊడి రావడానికండీ."

"మరి అదే చెయ్యి గోడ గాడిలో పెడతావేరా? అక్కడ పలక జన్మలో ఊడకూడదు. పో, సబ్బు పెట్టి కడుక్కుని రా!"

ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ కూతురికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. వంతెన కాంట్రాక్టరు సాయంత్రంలోగా ఔనో కాదో తేల్చమన్నాడు. ఔనంటే ఫ్యాక్టరీ బతుకుతుంది. కాదంటే ఈ నెలాఖరుకి గేటుకి తాళమే.

ఈ ఫ్యాక్టరీ అన్నదమ్ములిద్దరి చేతుల్లో పుట్టింది. అద్దె స్థలంలో ఒక్క అచ్చుతో బావి ఒరలు పోయడం మొదలుపెట్టి, కంచె స్తంభాలు, గోడ పలకలు దాటి, చివరికి చుట్టుపక్కల ఎవరికీ లేనంత పొడుగు పోతబెడ్డు, అచ్చులు పేర్చి కాంక్రీటు పోసే గచ్చు అరుగు, కట్టారు. దాని మీద ఎంత పెద్ద దూలమైనా ఒక్క పోతలో వచ్చేది. అప్పుడు బాబాయి తొందరపడ్డాడు. తడపాల్సిన రోజులు పూర్తికాకుండానే ఒక లోడు పంపేశాడు. దించుతుంటేనే రెండు స్తంభాలు విరిగాయి. నాన్న పనివాళ్ళందరి ముందూ తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. బాబాయి వాటా పడెయ్యమన్నాడు. బెడ్డుకి సరిగ్గా నడుమ అడ్డంగా గోడ లేచింది. అప్పట్నుంచి అటు బాబాయి కంచె స్తంభాలు పోస్తున్నాడు, ఇటు నాన్న గోడ పలకలు పోస్తున్నాడు. దూలాల ఊసే లేదు.

"నాన్నా, వంతెన దూలాల ఆర్డరు."

"చేద్దాం."

"మన సగం బెడ్డు చాలదు. గోడ తియ్యాలి."

నాన్న చేతిలో తాపీ ఆగింది. "ఆ మాట అడగాల్సింది నువ్వు కాదు."

"బాబాయి అడగడు."

"అయితే గోడ ఉంటుంది."

ఇంకేం మాట్లాడినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని ఆమెకి తెలుసు. చుట్టూ తిరిగి వెళ్ళి బాబాయి వైపు గేటు తట్టింది.

బాబాయి పైకి చూడకుండానే అడిగాడు. "మీ నాన్న పంపాడా?"

"లేదు. నేనే వచ్చాను. గోడ తీసేద్దాం బాబాయ్."

"కట్టినవాణ్ణి అడుగు. ఆ రోజు ఒక్క పనివాణ్ణి కూడా దగ్గరికి రానివ్వలేదమ్మా. తన చేత్తో తనే గాడులు సిద్ధం చేశాడు, తనే పలకలు దించాడు, తనే అతుకులు పూడ్చాడు. తోడబుట్టినవాడి మీద అంత కసి."  బాబాయి మొహం పక్కకి తిప్పుకుని దగ్గాడు.

"నువ్వొక్క మాట అడిగితే..."

"నేనా? నా తల తీసినా అడగను."

"సరే. అయితే నేనే పగలగొడతాను. అడ్డం రాకు."

"అది మీ నాన్న వేసిన అతుకు, వదలదు. అచ్చం ఆయన పంతమే వచ్చింది నీకు."

"ఆయనదొక్కటేనా? మీ ఇద్దరిదీ కలిపి వచ్చింది."

తిరిగి వచ్చి సుత్తి, ఉలి తీసుకుంది. పనివాళ్ళు ముందుకొచ్చారు కానీ, షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్న నాన్నని చూసి జంకారు. ఆమె చీర కొంగు బిగించి దెబ్బ వేసింది. పెచ్చు లేచింది. మళ్ళీ వేసింది. అరచేతుల్లో బొబ్బలు లేచాయి, చిట్లాయి. సుత్తి పిడి జారుతోంది. చెంగు చింపి చేతికి చుట్టుకుని మళ్ళీ కొట్టింది. ఈ గోడ ముందు ఓడిపోతే ఇంత మంది పొట్టకొట్టినట్టేనని ఆమెకి ఏడుపొస్తోంది. ఏడుస్తూనే కొట్టింది.

ఒక దెబ్బ గురి తప్పి వేలి మీద పడింది. "అమ్మా!" అని అరిచింది.

గోడకి అవతల ఎవరో పరుగున వచ్చిన చప్పుడు.

"అన్నయ్యా!" బాబాయి గొంతు. ఆ పిలుపు వినపడి ఎన్నేళ్ళయిందో. "పిల్ల చేతులు పోయేలా ఉన్నాయి. తీసేద్దామా?"

కుర్చీ వెనక్కి పడిపోయింది. నాన్న వచ్చి ఆమె చేతిలో సుత్తి లాక్కుని దూరంగా విసిరేశాడు.

"పగలగొట్టడాలేం వద్దు. క్రేను తీసుకురండి. పై పలకకి కొక్కెం వేసి ఎత్తండి."

క్రేను డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. "సిమెంటు పట్టేసిన పలకండీ. ఎత్తితే స్తంభాలు కూడా ఊడొచ్చి మీద పడతాయి."

"నేను కట్టిన గోడ సంగతి నాకు నువ్వు చెప్పేదేంటి? ఎత్తవయ్యా!"

గొలుసు బిగిసింది. అందరూ వెనక్కి జరిగారు. అతుకు మీద సిమెంటు పొడుగాటి పట్టీలా విడివడి కింద పడింది. స్తంభాలు కదల్లేదు. పలక మాత్రం అప్పుడే అచ్చులోంచి తీసినట్టు నున్నగా పైకి లేచింది.

అవతలి నుంచి బాబాయి ఖాళీ అయిన గాడిలో వేలు పెట్టి రాశాడు. వేలికేసి చూసుకున్నాడు. తర్వాత అన్న ముఖంలోకి చూశాడు.

గాడి పొడుగునా అచ్చు నూనె రాసి ఉంది.