ఫుమియె గొంతు

స్టేషను ముందు ప్రచార వ్యాను ఎక్కబోతున్న భార్య ఫుమియె చేతిలోంచి ఇవాసె మైకు లాక్కున్నాడు.

పదిహేనేళ్లు వీధి వీధీ తిరిగి అతను నిలబెట్టిన చిన్న ఉదారవాద పార్టీ మొన్ననే పెద్ద పార్టీలో కలిసిపోయింది. సీటూ, అభ్యర్థి తొడుక్కునే తెల్ల గ్లోవ్సూ పెద్ద పార్టీ కుసుమికి దక్కాయి. చివరికి వ్యానులోంచి అభ్యర్థి పేరు చాటే ఇంటావిడ గొంతు కూడా.

"నా పేరు చెప్పేటప్పుడు కాకిలా అరిచేదానివి. వాడి పేరుకి తేనె కారుస్తున్నావేం?"

"అరవనా మరి? మీరు ఓడిపోతారేమోనని గుండె దడదడలాడేది. మూడో రోజుకల్లా గొంతు పోయేది." ఫుమియె నవ్వింది. "కుసుమిగారు గెలిస్తే నాకేంటి, ఓడితే నాకేంటి?"

వ్యానులోంచి కుసుమి చెయ్యి ఊపి పిలిచాడు.

ఇవాసె మైకు తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"తియ్యగానే చెప్పు," అన్నాడు. "వాడి కోసం మాత్రం అరవకు."