ఆ రెండు నిమిషాలు

జీడిపిక్కలు ఉడికించే మిషను కంట్రోలర్ ప్రోగ్రాంలోంచి రెండు నిమిషాలు తీసేశాను. పలాసలో ఆ జీడి ఫ్యాక్టరీ ఓనరు బ్యాచ్ టైము తగ్గించమన్నాడు. పిక్కలు ఉడికి, ఆవిరంతా పోయాక కూడా మూత తెరుచుకోకుండా ఊరికే ఆగుతోంది మరి.

నిరుడు ఆపరేటర్ జగన్నాధం ఆ పనంతా చేత్తో చేస్తుంటే పక్కన కూర్చుని, ప్రతి పనీ టైముతో సహా రాసుకుని కంట్రోలర్‌కి ఎక్కించింది నేనే.

ఈసారి మూత వెంటనే తెరుచుకుంది. అక్కడే పనిచేస్తూ గోడ దగ్గర నిలబడ్డ జగన్నాధం భార్య తవిటమ్మ ఉలిక్కిపడింది.

"ఏటి బాబూ, ఆగనేదు?"

"ఆ ఆగడం దండగమ్మా. ఎందుకు ఆగేవాడో!"

"ఆయాసం బాబూ ఆయనకి. ఆవిరి ఒగ్గీసి, ఈ గోడకి సేరబడి ఊపిరి తీసుకునీవోడు."

ఆమె గోడని తడిమింది.

"ఆయన పోయి ఆర్నెల్లు. మిసనొక్కటే ఇంకా ఆయన కోసం ఆగీది."